చెవికొచ్చిన కొరియన్ చేతికీ రావాలి

మీకు చూపు లేదు, లేదా బాగా తక్కువ. డిగ్రీ చదువుతున్నారు, లేదా ఈ మధ్యే అయిపోయింది. ఊరు మార్కాపురమో గిద్దలూరో, కాకపోతే కంభం, బేస్తవారిపేట, యర్రగొండపాలెం వైపు ఏదో పల్లె. ఫోన్‌లో కొరియన్ డ్రామాలు వినీ వినీ సగం మాటలు అర్థమవుతున్నాయి. పరిచయ వాక్యాలు తడబడకుండా చెప్పేస్తున్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం "దీంతో ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. వినడం, మాట్లాడడం దగ్గరే ఆగిపోతే రాదు. చదవడం, రాయడం, టైపింగ్ కూడా చేతికొస్తే వచ్చే అవకాశం ఉంది. ఆ రెంటికీ మధ్య దూరం ఎంతో, దారిలో ఎక్కడెక్కడ దెబ్బతింటారో ముందే తెలుసుకుని దిగండి.

ముందు పని ఎక్కడుందో చూద్దాం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. దాని వెంట విడిభాగాలు చేసే కొరియన్ కంపెనీలూ వచ్చాయి. శ్రీసిటీలో ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ ప్లాంటుకు 2025 మేలో శంకుస్థాపన జరిగింది. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో హ్యుందాయ్ 1998 నుంచే కార్లు తయారుచేస్తోంది. మన పశ్చిమ ప్రకాశంలో ఇలాంటిది ఒక్కటీ లేదు. కాబట్టి గుంటూరు–నంద్యాల లైన్లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ధర్మవరం వైపు వెళ్లాలి, లేదా ఒంగోలు పోయి చెన్నై బండి పట్టాలి, లేదా ఇంటి నుంచి చేసే పని వెతుక్కోవాలి. ఎటు వెళ్లాలనేది మొదటి రోజే తేల్చుకోనక్కర్లేదు. కానీ ఏ రకం పనికి వెళ్తున్నారో మొదటి రోజే తెలిసి ఉండాలి.

కొరియన్ కంపెనీల్లో భాష తెలిసినవాళ్లకు ఇచ్చే పని అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఇంటర్‌ప్రెటర్. ఫ్యాక్టరీ ఇంటర్‌ప్రెటర్ లైన్ మీద మేనేజర్ వెంట తిరుగుతాడు. ఆయన ఒక భాగాన్ని వేలితో చూపించి "ఇదెందుకు ఇలా గీరుకుపోయింది?" అంటాడు. ఆ "ఇది" ఏమిటో చూడాలి. కదులుతున్న యంత్రాల మధ్య నడవాలి. పూర్తిగా చూపు లేని మనిషికి ఈ పని ఇమ్మని కంపెనీతో వాదించడంలో మీ శక్తి ఖర్చుపెట్టొద్దన్నది నా అభిప్రాయం. అదే కంపెనీలో మీటింగ్ గదిలో కూర్చుని చేసే ఇంటర్‌ప్రెటింగ్ ఉంది. ఫోన్ కాల్స్, వీడియో కాల్స్ ఉన్నాయి. మెయిళ్లు, క్వాలిటీ రిపోర్టులు, ట్రైనింగ్ మాన్యువళ్లు, హెచ్ఆర్ నోటీసులు అనువదించే పని ఉంది. బయట ఆడియో విని టైప్ చేసే పనీ, మెషీన్ ట్రాన్స్‌లేషన్ చేసినదాన్ని సరిదిద్దే పనీ ఉన్నాయి. ఇవి స్క్రీన్ రీడర్‌తో చేయగలిగినవి. దరఖాస్తులో "ఇంటర్‌ప్రెటర్" అని ఒక్క మాట రాసి వదిలేయకుండా "డాక్యుమెంట్ ట్రాన్స్‌లేషన్, మీటింగ్ ఇంటర్‌ప్రెటింగ్" అని విడదీసి రాయండి.

ఈ జాబితాను మళ్లీ ఒకసారి చదవండి. మీటింగ్, కాల్స్ తప్ప మిగతావన్నీ రాతపనులే.

గిద్దలూరు నుంచి ఒక అమ్మాయి అనుకుందాం. బీకాం, చూపు బాగా తక్కువ, రెండేళ్లుగా డ్రామాలు విని కొరియన్ నేర్చుకుంది. ఒక విడిభాగాల కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. మాటల్లో బాగానే నెగ్గుకొచ్చింది. తర్వాత ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, ఒక పేజీ డిఫెక్ట్ రిపోర్టు ఇచ్చి, గంటలో ఇంగ్లిష్‌లోకి మార్చమన్నారు. దానికి రెండు వరుసల జవాబు కొరియన్‌లో టైప్ చేయమన్నారు. ల్యాప్‌టాప్‌లో కొరియన్ వాయిస్ లేదు. స్క్రీన్ రీడర్ కొరియన్ అక్షరం వచ్చినచోటల్లా మౌనంగా దాటేస్తోంది. వాయిస్ పెట్టించుకున్నా, గత ఏడాది అనే మాట టైప్ చేయాల్సినచోట ఆమె విన్నట్టే "జాంగ్‌న్యొన్" అని కొడుతుంది. ఆ మాట పలికేది అలాగే, రాసేది మాత్రం "జాక్", "న్యొన్" అని. గంట అయిపోయింది. ఆమెకు భాష రాదని కంపెనీ అనుకుంది. వచ్చు, కానీ చెవికే వచ్చు.

చూపు లేనివాళ్ల చెవి పదునని అందరూ అంటుంటారు. స్క్రీన్ రీడర్‌ను మూడింతల వేగంతో వినే అలవాటున్న మీకు అది కొంతవరకు నిజమే కావచ్చు. కానీ కొరియన్‌లో వినిపించేది వేరు, రాసేది వేరు అయ్యే చోట్లు లెక్కలేనన్ని. "నాత్" అని వినిపించే మాట కొడవలి కావచ్చు, పగలు కావచ్చు, ముఖం కావచ్చు. మూడింటికీ చివరి హల్లు వేరు, అది కాగితం మీదే తెలుస్తుంది. డెలివరీ గడువును "నాప్కి" అని వింటారు, రాసేది "నాప్", "గి". లక్ష అనే సంఖ్య "సిమ్మాన్" అని వినిపిస్తుంది, రాత "సిప్", "మాన్". చూపున్న విద్యార్థి రోడ్డు మీద బోర్డు, ప్యాకెట్ మీద పేరు, సబ్‌టైటిల్ చూస్తూ ఈ స్పెల్లింగులు తనకు తెలియకుండానే పట్టేస్తాడు. మీకు ఆ ఉచిత పాఠం లేదు. మీరు పనిగట్టుకుని, వేళ్లతో నేర్చుకోవాలి. అందుకే మొదటి నెల నుంచే బ్రెయిలీ, కీబోర్డు రెండూ మొదలుపెట్టాలి. "ముందు మాట్లాడటం రానీ, అక్షరాలు తర్వాత చూద్దాం" అనే మాట చూపున్నవాళ్లకు నడుస్తుందేమో గానీ మనకు నడవదు.

తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకోవడం ఇంకో పొరపాటు. కొరియన్‌లో "అక్కడ" అనే మాటనూ, "మాంసం" అనే మాటనూ మన అక్షరాల్లో రాస్తే రెండూ "గొగి" అవుతాయి. అసలు భాషలో వాటి మొదటి అచ్చులు వేరు. ఒకదానికి నోరు తెరుచుకుంటుంది, ఇంకోదానికి పెదవులు గుండ్రంగా ముందుకొస్తాయి. చూపున్న విద్యార్థి టీచర్ పెదవులు చూసి పట్టుకుంటాడు. మీరు టీచర్‌ను "నోరు ఎలా పెట్టాలో మాటల్లో చెప్పండి" అని అడగాలి. మీ పెదవుల మీద వేలు ఆనించి పలికి చూసుకోవాలి. ఈ వ్యాసంలో కొరియన్ మాటలను తెలుగులో రాసింది పోలిక కోసమే, వీటిని పట్టుకుని నేర్చుకోవద్దు.

త, ద, థ లాంటి హల్లుల దగ్గర మాత్రం తెలుగువాళ్లకు ఒక మేలు ఉంది. కొరియన్‌లో ఇలాంటివి మూడేసి వరుసలు. చంద్రుడు, కూతురు, ముసుగు అనే మూడు మాటలూ బయటివాళ్ల చెవికి ఒకేలా "తాల్" అని పడతాయి. అరచేతి వెనుక భాగం నోటి ముందు పెట్టుకోండి. ముసుగుకు గాలి గట్టిగా తగులుతుంది. కూతురుకు అసలు తగలదు, గొంతు బిగుస్తుంది. మన "తల"లో త పలికినట్టే దాదాపు. చంద్రుడు ఆ రెంటికీ మధ్య, కొంచెం తగ్గు స్వరంతో మొదలవుతుంది. గాలి విసురు లేని క, త, ప మనకు పుట్టుకతో వచ్చినవే కాబట్టి వారం రోజులు చెయ్యి అడ్డం పెట్టుకుని సాధన చేస్తే ఈ తేడా స్థిరపడుతుంది.

వాక్యం దగ్గర మన మేలు ఇంకా పెద్దది. కర్త, కర్మ, క్రియ వరుస మనదే. విభక్తి మాట వెనకాలే వస్తుంది. "తిని చూడు" అంటే రుచి చూడమని మనం అంటాం కదా, కొరియన్‌వాళ్లూ తిను అనే క్రియకు చూడు అనే క్రియను తగిలించి అదే అర్థంలో అంటారు. "చేసిపెట్టు" లాంటిదీ ఉంది. అందుకని ఇంగ్లిష్ మీడియం వీడియోల్లో వ్యాకరణం అర్థం కాక తికమకపడినప్పుడు, అదే వాక్యాన్ని తెలుగులో పెట్టి చూసుకోండి. చాలాసార్లు ముడి అక్కడే విడిపోతుంది.

ఇక బ్రెయిలీ. కొరియన్ బ్రెయిలీని పార్క్ దు-సొంగ్ అనే ఉపాధ్యాయుడు రూపొందించి 1926 నవంబర్ 4న ప్రకటించాడు. దాని పేరు హున్‌మేంగ్ జొంగుమ్. ఆరు చుక్కల గడి మనదే, చుక్కల అర్థాలు మాత్రం మనవి కావు. మన భారతి బ్రెయిలీలో 1వ చుక్క అ. కొరియన్‌లో అది అక్షరం చివర వచ్చే క్. మనకు 1-3-4 అంటే మ, వాళ్లకు ఉ. మనకు 1-3-4-5 న, వాళ్లకు ఎ. మనకు 1-2-3 ల, వాళ్లకు అది "సా" అనే పూర్తి అక్షరం. "గుక్" అంటే సూప్. బ్రెయిలీలో 4, తర్వాత 1-3-4, తర్వాత 1. తెలుగు అలవాటున్న వేలు దాన్ని "మ, అ" అని చదవబోతుంది. మొదటి నెలంతా ఈ తగువు ఉంటుంది. ఒకే పూట తెలుగు బ్రెయిలీ, కొరియన్ బ్రెయిలీ కలిపి చదవకండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకోండి.

ఒక సూత్రం పట్టుకుంటే సగం భారం దిగుతుంది. కొరియన్ బ్రెయిలీలో అక్షరం మొదట వచ్చే హల్లుకూ చివర వచ్చే హల్లుకూ వేర్వేరు చుక్కలు. గడిలో కుడి వరుసలో మాత్రమే ఉండే హల్లు, అక్షరం చివరికి వచ్చేసరికి ఎడమ వరుసకు జరుగుతుంది. గ 4 నుంచి 1కి, ర 5 నుంచి 2కి, స 6 నుంచి 3కి, బ 4-5 నుంచి 1-2కి. రెండు వరుసల్లోనూ చుక్కలున్న హల్లు ఒక మెట్టు కిందికి దిగుతుంది. న 1-4 నుంచి 2-5కి, మ 1-5 నుంచి 2-6కి. పద్నాలుగు హల్లులను ఇరవై ఎనిమిదిగా బట్టీ పట్టే బదులు పద్నాలుగు హల్లులు, ఒక సూత్రం నేర్చుకుంటే సరిపోతుంది.

ఈ సూత్రంలోనే ఒక ప్రమాదం కూడా ఉంది. మార్కాపురం అంటే పలకల ఊరు. మీరు వాడే పలక బ్రెయిలీ స్లేటు. దాని మీద కుడి నుంచి ఎడమకు, తిరగేసి పొడుస్తారు. 4వ చుక్క మీ ఎడమ పక్కన పడుతుంది, 1వ చుక్క కుడి పక్కన. తెలుగు రాసేటప్పుడు పక్క మారితే ఆ పొరపాటు చాలాసార్లు చదవగానే బయటపడుతుంది. కొరియన్‌లో పక్క మారితే మొదటి గ కాస్తా చివరి క్ అయిపోతుంది. ఆ క్ ముందున్న అక్షరానికి అతుక్కుని ఇంకో మాట తయారవుతుంది. తప్పు తప్పులా కనిపించదు. అందుకని స్లేటుతో కొరియన్ రాసినప్పుడు ప్రతి వరుస అయ్యాక కాగితం తిప్పి వేలితో చదివి, అప్పుడే తర్వాతి వరుసకు వెళ్లండి. టైప్‌రైటర్ లాంటి పెర్కిన్స్ బ్రెయిలర్ అందుబాటులో ఉంటే మొదటి రెండు నెలలు దాని మీదే నేర్చుకోవడం మేలు. బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవాళ్లకు ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ బ్రెయిలీ సెట్టింగుల్లో కొరియన్ టేబుల్ ఉంటుంది.

చూపు తక్కువగా ఉండి అచ్చు చదవగలిగినవాళ్లకు సమస్య వేరే. కొరియన్ అక్షరం రెండు మూడు ముక్కలు ఒక చిన్న చదరంలో ఇరికించినట్టు ఉంటుంది. ఆ, యా అనే అచ్చులకు తేడా ఒక చిన్న అడ్డగీత మాత్రమే. తెలుగుకు సరిపోయే సైజు దీనికి చాలదు. మాల్గున్ గోథిక్ లాంటి సాదా ఫాంటు పెట్టి, మీ కంటికి ఆ అడ్డగీత విడిగా తెలిసేదాకా సైజు పెంచండి. చూపు తగ్గుతూ పోయే జబ్బు ఉందని డాక్టర్ చెప్పి ఉంటే, ఇప్పుడు అచ్చు కనిపిస్తున్నా బ్రెయిలీ ఇప్పుడే మొదలుపెట్టండి. ఈ మాట వినడం కష్టమని తెలుసు. ఉద్యోగం మధ్యలో కొత్త లిపి నేర్చుకోవడం అంతకంటే కష్టం.

కీబోర్డు అన్నిటికంటే తేలిక, అందరూ వాయిదా వేసేదీ అదే. కొరియాలో మామూలుగా వాడే లేఅవుట్‌లో హల్లులన్నీ దాదాపు ఎడమచేతి కింద, అచ్చులు కుడిచేతి కింద ఉంటాయి. ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలుంటాయి కదా, ఎఫ్ మీద ర, జె మీద "ఒ"కు దగ్గరగా ఉండే నోరు తెరిచిన అచ్చు. అక్కణ్నుంచి లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. బ్రెయిలీలో లాగా మొదటి హల్లు, చివరి హల్లు అని తేడా లేదు. "గుక్"కు ఆర్, ఎన్, మళ్లీ ఆర్ కొడితే కంప్యూటరే అక్షరాన్ని కడుతుంది. విండోస్ సెట్టింగుల్లో కొరియన్ భాషను చేర్చి, దానితోపాటు కొరియన్ వాయిస్ కూడా డౌన్‌లోడ్ చేసుకోవాలి. కుడివైపు ఆల్ట్ మీట నొక్కితే కొరియన్ నుంచి ఇంగ్లిష్‌కు, మళ్లీ వెనక్కి మారుతుంది. ఏ మోడ్‌లో ఉన్నారో తెలియకుండా పేజీ నిండా చెత్త టైప్ చేయడం మొదట్లో అందరికీ జరుగుతుంది. ప్రతి వాక్యానికీ ఆగి ఒక మాట వెనక్కి చదివించుకోండి.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు మీ సొంత ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ పెట్టుకుని, టెస్ట్ దాని మీదే రాస్తానని ముందు రోజే మెయిల్ పెట్టండి. సెక్యూరిటీ రూల్స్ వల్ల కుదరదంటే, వాళ్ల సిస్టంలో ఎన్‌వీడీఏ, కొరియన్ వాయిస్ వేసి ఉంచమని అడగండి. ఎన్‌వీడీఏ ఉచితమని, పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడుస్తుందని ఆ మెయిల్‌లోనే రాయండి. ఐటీ విభాగానికి అది పెద్ద పని కాదు, చివరి నిమిషంలో అడిగితే మాత్రం పెద్ద పని అవుతుంది.

కోచింగ్ దగ్గర డబ్బు పోగొట్టుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. ఆ డబ్బు ఆన్‌లైన్ క్లాసు ఫీజుకు కట్టేముందు రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి, పుస్తకం టైప్ చేసిన ఫైలుగా ఇస్తారా, పేజీలు ఫొటో తీసిన పీడీఎఫ్‌గా ఇస్తారా? ఫొటో పీడీఎఫ్‌ను ఎన్‌వీడీఏలోని ఓసీఆర్‌తో చదివించవచ్చు గానీ, అచ్చులో ఒక అడ్డగీత తప్పు చదివితే మాటే మారిపోయే భాష ఇది. నేర్చుకునే దశలో ఆ తప్పు మీరు పట్టుకోలేరు. రెండు, క్లాసులో స్క్రీన్ షేర్ చేసి "ఇది చూడండి" అంటారా? షేర్ చేసిన స్క్రీన్ మీ స్క్రీన్ రీడర్‌కు ఒక బొమ్మ మాత్రమే. స్లైడ్లు ముందు రోజు పంపుతామని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చేరండి. నేను ఒకసారి మూడు నెలల ఫీజు ముందే కట్టాను. క్లాసంతా బొమ్మల మీదే నడిచింది. "మీరు విని ఫాలో అవండి మేడమ్, మీకు కష్టం కాదులే" అన్నారు. అన్నవాళ్లది చెడ్డ మనసు కాదు. డబ్బు మాత్రం తిరిగి రాలేదు. ట్రయల్ క్లాసు లేని చోట పూర్తి ఫీజు కట్టొద్దు.

డిగ్రీయే కొరియన్‌లో చేయాలనుకుంటే జేఎన్‌యూలో బీఏ ఆనర్స్ ఉంది, ప్రవేశం సీయూఈటీ ద్వారా. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు కనీసం 5 శాతం సీట్లు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చింది. జేఎన్‌యూ లైబ్రరీలో దృష్టి లోపం ఉన్న విద్యార్థుల కోసం హెలెన్ కెల్లర్ యూనిట్ కూడా ఉంది. దగ్గర్లో కావాలంటే చెన్నైలో ఇన్‌కో సెంటర్ 2006 నుంచి పనిచేస్తోంది, కొరియన్ నేర్పుతుంది. సీటుకైనా ఏ సౌకర్యానికైనా ముందు చేతిలో ఉండాల్సింది సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు. వైకల్యం 40 శాతానికి తక్కువైతే ఈ రిజర్వేషన్లు వర్తించవు.

ఇక మీ కొరియన్ ఏ స్థాయిలో ఉందో చెప్పే పరీక్ష టోపిక్. టోపిక్-1లో వినికిడి 30, చదవడం 40 ప్రశ్నలు, మొత్తం 200 మార్కులు. 80 వస్తే మొదటి లెవెల్, 140 వస్తే రెండోది. టోపిక్-2లో రాత కూడా ఉంటుంది, మొత్తం 300 మార్కులు. 120కి మూడో లెవెల్, 150కి నాలుగోది, 190కి ఐదోది, 230కి ఆరోది. అనువాదం పనికి టోపిక్-1 సర్టిఫికెట్ పెద్దగా ఉపయోగపడదు. నాలుగో లెవెల్ దాటాకే మీ మాటకు విలువ వస్తుందనుకోండి. సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది. ఉత్సాహంలో ముందే రాసేస్తే ఉద్యోగానికి దరఖాస్తు చేసేనాటికి గడువు తీరిపోతుంది.

దృష్టి లోపం ఉన్నవాళ్లకు బ్రెయిలీ ప్రశ్నపత్రం, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, అదనపు సమయం లాంటి ఏర్పాట్లు టోపిక్‌లో ఉన్నాయి. దరఖాస్తు సమయంలోనే అడగాలి. ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. మన దేశంలో పరీక్షల మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాల అదనపు సమయం, స్క్రైబ్ మనకు అలవాటైపోయాయి. అవి మన దేశపు పరీక్షలకు రాసుకున్న నియమాలు. టోపిక్ కొరియా ప్రభుత్వ సంస్థ నడిపే పరీక్ష. అక్కడ వాళ్ల నియమాలే. స్క్రైబ్‌కు ఒప్పుకున్నా, కొరియన్ చదవగలిగే స్క్రైబ్‌ను మార్కాపురంలో ఎక్కణ్నుంచి తెస్తారు? ఇంటర్మీడియట్ దాకా స్క్రైబ్‌తో నెట్టుకొచ్చి బ్రెయిలీ వదిలేసినవాళ్లకు ఇక్కడ దారి మూసుకుపోతుంది. బ్రెయిలీ ప్రశ్నపత్రం అంటే కొరియన్ బ్రెయిలీ అనేది కూడా గుర్తుంచుకోండి.

పరీక్షలో బొమ్మలూ ఉంటాయి. టోపిక్-1 వినికిడిలో సంభాషణకు సరిపోయే బొమ్మ ఎంచుకోమనే ప్రశ్నలున్నాయి. టోపిక్-2 రాతలో 53వ ప్రశ్న చార్టు చూసి 200 నుంచి 300 అక్షరాల్లో వివరించమంటుంది. వీటిని మీకు ఏ రూపంలో ఇస్తారో పరీక్ష కేంద్రాన్ని ఫీజు కట్టకముందే మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట పరీక్ష రోజున ఎవరికీ గుర్తుండదు. జవాబును ప్రింట్ తీసి హాల్‌టికెట్‌తోపాటు పెట్టుకోండి.

ఉద్యోగంలో చేరాక వచ్చే చిక్కులు ఇంకో రకం. డ్రామాల్లో స్నేహితులు మాట్లాడుకునేది నువ్వు, రా, పో స్థాయి భాష. మీ చెవికి మొదట పట్టింది అదే. ఆఫీసులో ప్రతి క్రియకూ గౌరవ రూపం కావాలి, హోదా చివర "నిమ్" చేర్చాలి. మన దగ్గర మేనేజర్‌ను "ఏంటి, వచ్చావా?" అంటే ఎలా ఉంటుందో అక్కడా అంతే. అందుకని ఆరు నెలల తర్వాత డ్రామాలు తగ్గించి వార్తలు, ఇంటర్వ్యూలు, కంపెనీ ప్రసంగాలు వినండి. పుమ్‌జిల్ అంటే నాణ్యత, బుల్లియాంగ్ అంటే లోపం ఉన్న సరుకు, దోమ్యొన్ అంటే డ్రాయింగ్, గుమ్‌హ్యొంగ్ అంటే మోల్డ్. ఈ మాటలు డ్రామాల్లో అరుదుగా వస్తాయి. ఫ్యాక్టరీలో రోజుకు యాభై సార్లు వస్తాయి.

అంకెలు విడిగా సాధన చేయండి. కొరియన్‌వాళ్లకు రెండు రకాల లెక్కలున్నాయి. గంటలు ఒక లెక్కలో, నిమిషాలు ఇంకో లెక్కలో చెబుతారు. జనవరి "ఇర్‌వొల్", ఫిబ్రవరి "ఇవొల్". ఒక్క ర తప్పు వింటే డెలివరీ నెల రోజులు మారిపోతుంది. పెద్ద సంఖ్యలు వాళ్లు పదివేలను మూలంగా పెట్టి చెబుతారు. పది "మాన్"లు మన లక్ష, వెయ్యి "మాన్"లు సరిగ్గా మన కోటి, ఆ పైన వచ్చే "ఒక్" పది కోట్లు. మిలియన్ల గొడవ లేకుండా నేరుగా లక్షలు, కోట్లలోకి మార్చుకోండి. మీటింగ్‌లో తేదీ, సంఖ్య వచ్చిన ప్రతిసారీ తిరిగి అడిగి నిర్ధారించుకోవడం ఏ ఇంటర్‌ప్రెటర్‌కైనా చిన్నతనం కాదు.

కొరియన్ ఆఫీసుల నుంచి హెచ్‌డబ్ల్యూపీ అనే రకం ఫైళ్లు వస్తాయి. అక్కడి హాంకామ్ కంపెనీ వర్డ్ ప్రాసెసర్‌వి అవి. మన ఎన్‌వీడీఏతో వాటిని తెరిచి చదవడం తలనొప్పి. వర్డ్‌లోకి మార్చి పంపమని మొదటి వారంలోనే చెప్పండి. అనువాదం ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో మూలం, పక్క కాలమ్‌లో అనువాదం పెట్టుకుంటే స్క్రీన్ రీడర్‌తో ఒక్క బాణం మీటతో రెండూ పోల్చుకోవచ్చు. పాపాగో లాంటి మెషీన్ ట్రాన్స్‌లేషన్ మొదటి డ్రాఫ్ట్ క్షణాల్లో ఇస్తుంది. కంపెనీ ఫైళ్లను బయటి సైట్లలో పెట్టవచ్చో లేదో ముందు అడగండి. ఆ డ్రాఫ్ట్‌లో తప్పు పట్టగలిగినందుకే మీకు జీతం ఇస్తారు. డ్రాయింగులు, ఫొటోలు వచ్చినప్పుడు పక్కనున్నవాళ్లను అడగండి. దానికి బదులుగా వాళ్ల మెయిల్ ఒకటి సరిదిద్దిపెట్టండి.

నన్నడిగితే కొరియన్ ఒక్కదాని మీదే బతుకు పెట్టుకోవద్దనే చెబుతాను. తర్లుపాడు నుంచి ఒకబ్బాయి అనుకుందాం, పూర్తి అంధుడు, డిగ్రీ అయింది. ఏడాదంతా కొరియన్ మీదే కూర్చుంటే టోపిక్ రెండో లెవెల్ దగ్గర ఆగుతాడు, జీతం ఉండదు, ఇంట్లో ఓపిక అయిపోతుంది. అతను ముందు బ్యాంకు, ప్రభుత్వ పరీక్షలు రాయాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 2016 చట్టం దివ్యాంగులకు ఇచ్చిన 4 శాతంలో 1 శాతం అంధులకు, చూపు తక్కువున్నవాళ్లకు. ఆ పుస్తకాల పక్కనే రోజుకు గంటన్నర కొరియన్: అరగంట వేలికి, అరగంట కీబోర్డుకు, అరగంట చెవికి. ఉద్యోగం వచ్చాక మూడు నాలుగేళ్లలో నాలుగో లెవెల్ చేరితే, అప్పుడు మారాలా వద్దా అన్నది చేతిలో జీతం పెట్టుకుని తీసుకునే నిర్ణయం. ప్రైవేటు కంపెనీలకు రిజర్వేషన్ లేదు. కానీ ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని అదే చట్టం చెబుతోంది. దరఖాస్తు చేసేముందు ఆ విధానాన్ని అడిగి తెప్పించుకుని చదవండి. ఆ పత్రం అడగ్గానే ఇచ్చిన కంపెనీలో మీ స్క్రీన్ రీడర్ సంగతి మాట్లాడటం తేలిక.

చివరగా ఒక్క విన్నపం. మీరు వారాల తరబడి కూర్చుని ఒక కొరియన్ పుస్తకాన్ని స్క్రీన్ రీడర్ చదివేలా శుభ్రం చేసుకుంటారు. బ్రెయిలీ పట్టిక చుక్కల అంకెలతో టైప్ చేసి పెట్టుకుంటారు. కంభంలోనో దోర్నాలలోనో ఇంకొకరు అదే పని మళ్లీ మొదటి నుంచి చేస్తుంటారు. 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం, లాభాపేక్ష లేకుండా అలాంటి ప్రతిని మరో దృష్టి లోపం ఉన్న వ్యక్తికి ఇవ్వడానికి అనుమతిస్తుంది. మీ ఫైలు వాళ్లకు పంపండి.